కిల్యాపాటాలో ఆరబోసిన దుంపలు

కుస్కో, సోమవారం

పెద్దమ్మ యుఫ్రాసియాకు విల్బెర్ నమస్కారాలు.

ఇక్కడ నేను కులాసా. అక్కడ నువ్వూ, నీ మోకాళ్లూ, లామాలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

రాజధాని లిమా నుంచి డాక్టర్ సెనాయిదా తికోనా అనే పెద్ద పరిశోధకురాలు బుధవారం మన కిల్యాపాటా శిథిలాలు చూడ్డానికి కొండెక్కుతున్నారు. ఆవిడ సరేనంటే ఆ చోటు సర్కారు రక్షణలోకి వస్తుంది, కాపలా ఆఫీసు పెడతారు, అందులో నా ఉద్యోగం ఖాయమవుతుంది. కాదంటే నేను మళ్లీ బస్టాండులో దుప్పట్లు అమ్ముకోవాలి.

నా నివేదికలో ‘ఇంకా సామ్రాజ్యం పోయాక ఈ ప్రాంగణంలో మనిషి అడుగు పడలేదు’ అని రాశాను. చదవడానికి గొప్పగా ఉంటుందని రాశాను. కాబట్టి నీకు దండం పెడతాను, ఈ ఏడు అక్కడ ఒక్క బంగాళాదుంప కూడా పరచొద్దు. ఊళ్లో ఆడవాళ్లందరికీ చెప్పు.

ఇట్లు,
నీ చేతుల మీద పెరిగిన విల్బెర్

తా.క.: ఈ ఉత్తరం లారీ నడిపే నికాసియో మామ చేతికిస్తున్నాను. ఆయన ఉత్తరాలు విప్పి చదువుతాడని అందరికీ తెలుసు. మామా, నీకూ నమస్కారం.

*

వాయ్లాపంపా, మంగళవారం

చిరంజీవి విల్బెర్‌ను కొండ తండ్రి చల్లగా చూడాలి.

నాయనా, నీ ఉత్తరం అందేసరికి దుంపలు పరిచేశాం. జూన్ వచ్చింది, సాన్ హువాన్ పండగ దగ్గరపడింది, మంచు బిగిసింది. ఈ మంచు మన కోసం ఆగుతుందా? మా అమ్మ అక్కడే పరిచింది, వాళ్లమ్మా అక్కడే పరిచింది. చుట్టూ రాతిగోడలు, మధ్యన చదును, చెట్టు నీడ లేదు. దుంపలు గడ్డకట్టడానికి ఈ కొండ మీద అంతకన్నా మంచి చోటు లేదు. రాత్రుళ్లు గడ్డకట్టి, పొద్దున్నే తొక్కించుకుని, ఎండలో ఎండితేనే అది చూన్యో అవుతుంది. అది లేకపోతే వచ్చే పంటదాకా ఊరంతా ఏం తింటుంది? నీ నివేదిక ఉడకబెట్టుకు తినమంటావా?

అయినా నీ ఉద్యోగం మాట కాబట్టి దుంపల మీద గడ్డి కప్పించాను. దూరం నుంచి చూస్తే పాత గడ్డివాములా ఉంది. దగ్గర నుంచి చూస్తే గడ్డి కప్పిన దుంపల్లా ఉంది.

ఇట్లు,
నీ పెద్దమ్మ

తా.క.: మనిషి అడుగు పడలేదని రాశావా? నీకు ఆరేళ్లప్పుడు అక్కడే కదరా, కాళ్లు చల్లగా ఉన్నాయని ఏడుస్తూ దుంపలు తొక్కావు.

*

కుస్కో, మంగళవారం రాత్రి

పెద్దమ్మకు విల్బెర్ వణుకుతూ రాస్తున్నది.

నా కొంప ముంచావు. ఇప్పుడు తీయించినా గుర్తులు పోవు. ఇక ఒకటే దారి. ఆవిడ ఉన్నన్నాళ్లూ ఆ ప్రాంగణంలో ఎవరూ అడుగు పెట్టకూడదు. ఆవిడతో ఎవరూ మాట్లాడకూడదు. ముఖ్యంగా నువ్వు. నువ్వు నోరు తెరిస్తే నా ఆరేళ్లప్పటి సంగతులతో సహా బయటికొస్తాయి.

ఇట్లు,
దిక్కుతోచని విల్బెర్

తా.క.: ఆవిడకు చూన్యో పులుసు మాత్రం పొయ్యకు. లిమావాళ్లకు ఆ వాసన పడదు.

*

వాయ్లాపంపా, గురువారం

విల్బెర్‌కు దీవెనలు.

నిన్న వచ్చింది. నడివయసు మనిషి, మగవాళ్ల బూట్లు, వెంట నలుగురు. నువ్వు మాట్లాడొద్దన్నావని, పలకరిస్తే నోటికేసి చూపించి చెయ్యి తిప్పాను. మూగదాన్నని జాలిపడి, చలికి పనికొస్తుందని తన ఉన్ని టోపీ ఇచ్చింది. చాలా సిగ్గేసింది. టోపీ మాత్రం బాగుంది.

అసలు గొడవ విను. ఆవిడ నేరుగా ప్రాంగణంలోకి వెళ్లి, గడ్డి ఎత్తి చూసింది. ఒక దుంప తీసి వాసన చూసింది. మనుషుల్ని పిలిచి చుట్టూ మేకులు దిగ్గొట్టించి, ఎర్రతాడు కట్టించింది. తాడు దాటితే ఊరుకోనని తన మనుషులకే గట్టిగా చెప్పింది. మన దుంపలు ఇప్పుడు తాడు లోపల, మేము బయట.

విల్బెర్, నాకు భయంగా ఉంది. మంచు బాగా పట్టింది, దుంపలు రాయిలా గడ్డకట్టాయి. రేపు పొద్దున తొక్కి నీళ్లు పిండకపోతే ఎండకు మెత్తబడి కుళ్లిపోతాయి. ఊరంతటి ఏడాది తిండి అది. ఆడవాళ్లంతా మా ఇంటి ముందు కూర్చుని నా మొహం చూస్తున్నారు. ఆవిడేమో పొద్దుట నుంచి తాడు పక్కన బండ మీద కూర్చుని దారి వైపే చూస్తోంది. మమ్మల్ని పట్టుకోవడానికే అనుకుంటాను. ఏం చెయ్యమంటావో వెంటనే రాయి.

ఇట్లు,
పెద్దమ్మ

తా.క.: మూగదాన్నయ్యాక, తిరిగి అనలేనని ఊళ్లోవాళ్లు నా ఎదుటే నా గురించి చెప్పుకుంటున్నారు. ఒక్కొక్కరి పనీ తరవాత చెప్తాను.

*

కుస్కో, గురువారం సాయంత్రం

పెద్దమ్మకు,

తాడు కట్టించిందంటే అదేదో పురాతన పూజాస్థలం అనుకుంటోంది. అనుకోనీ. అందులో కాలుపెడితే నేరం, నిన్ను స్టేషన్‌కు తీసుకెళ్తారు, నన్ను ఆఫీసులోంచి గెంటేస్తారు. దుంపలు పోతే పోనీ. ఏముందందులో, నల్లటి ముడుతల దుంపలేగా. బియ్యం బస్తా పంపిస్తున్నాను, ఇంచక్కా పట్నంవాళ్లలా అన్నం తినండి.

ఇట్లు,
మీ మేలు కోరే విల్బెర్

తా.క.: ఎట్టి పరిస్థితుల్లోనూ తాడు దాటొద్దు.

*

వాయ్లాపంపా, శుక్రవారం

విల్బెర్,

దాటాను.

నీ ఉత్తరం తెల్లవారుజామునే అందింది. నల్లటి ముడుతల దుంపలేగా అన్నచోట రెండుసార్లు చదివాను. ఆ దుంపలు తినే నువ్వు ఇంతవాడివయ్యావు. నాకు కోపం రాలేదు, ఏడుపొచ్చింది. చెప్పులు ఇంట్లోనే వదిలేసి కొండెక్కాను, ఆడవాళ్లంతా నా వెనకే వచ్చారు. స్టేషన్‌కే తీసుకెళ్లనీ అనుకుని తాడు దాటి కాలు పెట్టాను. ఆ చలికి నా నోట్లోంచి ఎంత మాట వచ్చిందంటే, కాగితం మీద పెట్టలేను. నా మూగతనం అక్కడితో సరి.

ఆవిడ బండ మీంచి లేచింది. గబగబా వచ్చి, బూట్లు విప్పేసి, పంట్లాం మడిచి, నా పక్కన నిలబడి తొక్కడం మొదలుపెట్టింది. మడమతో నెమ్మదిగా, తొక్క ఊడేలా, దుంప చితక్కుండా. పునో పక్క పల్లెలో వాళ్లమ్మ దగ్గర నేర్చుకుందట.

“పెద్దమ్మా, మావాళ్లు బూట్లతో తొక్కేస్తారని తాడు కట్టించాను. నిన్నంతా మీకోసం ఎదురుచూశాను. మంచు ఇంత బాగా పడితే ఒక్కరూ రారేంటి, నామీద కోపమా అనుకున్నాను” అంది.

“మా చెల్లెలి కొడుకు రావద్దన్నాడమ్మా” అన్నాను.

“ఆ విల్బెరేనా? మనిషి అడుగు పడలేదని రాసినవాడు?”

“వాడే.”

“అది చదివే లిమాలో కిల్యాపాటాను రక్షణ జాబితాలోంచి కొట్టేద్దామన్నారు. ఎవరూ పోని చోటికి కాపలా ఎందుకని. ఆ మాట మీకు చెప్పి పోదామనే వచ్చాను. గడ్డి ఎత్తి చూశాక మనసు మారింది.”

దీన్ని కట్టినవాళ్ల మనవరాళ్లు ఇంకా వాడుతున్నారని రాస్తుందట. ఏటా జూన్‌లో ప్రాంగణం మాదేనని కూడా రాస్తుందట. ఆఫీసు వస్తుంది, నీ ఉద్యోగం ఖాయం. నువ్వు దాచమన్న దుంపలే నీకు ఉద్యోగం ఇప్పించాయి నాయనా. నువ్వు సిగ్గుపడింది దుంపలకని చెప్పకు, నన్ను చూసి సిగ్గుపడ్డావు. ఆదివారం దాకా తొక్కుతాం. కాళ్లు కడుక్కుని రా.

ఇట్లు,
నోరున్న పెద్దమ్మ

తా.క.: నీ ఆరేళ్లప్పటి ఏడుపు సంగతి ఆవిడకు చెప్పాను. చెప్పకుండా ఉండలేకపోయాను.

ఇంకో తా.క.: బియ్యం బస్తా ముట్టింది. ఆవిడ వెంట వచ్చిన నలుగురికీ అన్నం వండిపెట్టాను, పాపం పట్నం పిల్లలు. ఆవిడా నేనూ చూన్యో పులుసు తాగాం. రెండోసారి ఆవిడే అడిగి పోయించుకుంది.