నీది కాని సంతకం

బాపూ,

నువ్వు పోయి నేటికి ఏడాది. వరుసగా మూడుసార్లు ఓటమి తెచ్చిన నాయకుణ్నే మన పార్టీ నిన్న మళ్లీ అధ్యక్షుడిగా ఉంచుకుంది. హుస్సేనీ ఆలంలో మన బూత్‌లో పార్టీ ఒక్కసారి ఓడినందుకే నువ్వు ఆఫీసు తాళంచెవి తిరిగిచ్చి, పదవి వదులుకున్నావు.

"ఓడినోన్నే మల్ల కూసోబెట్టిన్రు. ఇగ మేమెందుకు ఓటెయ్యాలె భాయ్?" అని పాన్ డబ్బా ఖాదర్ భాయ్ అడిగాడు.

ఆ అధ్యక్షుణ్ని బలపరిచిన కార్యకర్తల జాబితా ఆఫీసు గోడకు అంటించారు. అందులో నీ పేరుంది, పక్కన తెలుగులో సంతకం కూడా ఉంది. నువ్వు పోయిన సంగతి మరిచారంటే సరిపెట్టుకునేవాణ్ని.

ఉర్దూ మీడియంలో చదివిన నువ్వు జీవితమంతా ఉర్దూలోనే సంతకం పెట్టావు. నలభై ఏళ్లు చాకిరీ చేసిన పార్టీలో ఆ సంగతి ఒక్కడికీ తెలియదు బాపూ.