పాతర పూడ్చకు

గద్వాల, సోమవారం

జములమ్మక్కకు తమ్ముడు శ్రీశైలం దండాలు. మన గోడలు కూలగొట్టరు, ఇక కడుపునిండా తిను.

చెరువు నిండితే నీళ్లు నిలిచే శిఖం భూమిలో ఎవరూ ఇల్లు కట్టరాదని, మన జాగా అందులోదేనని తహసీల్ కచేరీలో దొర ఈ ఉదయం కూడా పట్టుబట్టాడు. సాక్ష్యానికి వెంట తెచ్చిన ముసలి నబీ సాబే ముందుకొచ్చి, "సర్కార్, గా జాగల వీళ్ల నాయిన తవ్విన జొన్నల పాతర ఉన్నది. ఇరవై ఏండ్లు నేనే దిగి జొన్నలు తీసిన. ఒక్క గింజ మొలకెత్తలే. నీళ్లు నిలిచే కాడ పాతర ఎవడన్న తవ్వుతడా?" అన్నాడు. దొర నవ్వాడు. "గట్లయితే భూమి కొలిచే గిర్దావర్ ఆ పాతర చూసి హద్దురాయి పాతుతడు. రాయికి ఇవతల కట్టుకోండి" అని రాసిచ్చాడు.

గిర్దావర్‌ను బండిలో ఎక్కించుకుని శుక్రవారం వస్తాను. ఇంటి జాగాలో గుంత అరిష్టమని నువ్వు పూడ్చడానికి మట్టి తోలించావు కదా, ఒక్క తట్ట కూడా అందులో పడనీయకు. పడి ఉంటే తోడించు. దూడ జారకుండా పైన బండ కప్పించు. హద్దు తేలేదాకా పశువుల కొట్టానికి గుంజలు పాతొద్దు.

కిరసనాయిలు ఇక్కడా దొరకలేదు. బర్రె ఈనిందా? పిల్లలకు నా దీవెనలు.

మూడుసార్లు చెప్పినా పాతర పూడ్చని నా బద్ధకాన్ని ఈ ఒక్కసారికి తిట్టకు. కొత్త ఇంటి మొదటి జొన్నలు అందులోనే పోద్దాం.