అక్క చెవులు, పాత రేడియో

అక్కా,

రేడియో పెట్టేముందు సౌండు మొత్తం తగ్గించు. ఇన్నిదినాల లెక్క నిండ పెడితే వాడకట్టంత ఉరికొస్తది. పెట్టినంక లోపలి బల్బులు వేడెక్కేదాక జర ఆగు.

తప్పు నీ చెవులది కాదు. స్పీకరుకు సౌండిచ్చే ట్రాన్స్‌ఫార్మర్ ఖరాబైందట. అచ్చంపేటల యాకూబ్ భాయి ఇంకో పాత రేడియోల నుంచి తీసి మార్చిండు. ఇగ దవాఖాన ఫికర్ లేదు. చెవుల ఎల్లిపాయ నూనె పోసుకునుడు బంద్ చెయ్యి. పక్కింటోళ్ల గుసగుసలు నీకు ఇనబడ్డప్పుడే మనకు సమజ్ కావాలె.

నేను పల్లిచేనుకు పోతున్న.

నీ తమ్ముడు
కాటమయ్య

ఇంకోటి. "నీకు ఇనబడ్తాందారా?" అని నువ్వు అడిగినప్పుడల్ల "మస్తు ఇనబడ్తాంది" అన్న గదా. నాకూ ఇనబడలే. నాకు గూడ చెవుడొచ్చిందని భయమై, నీ పక్కన కూసొని ఉత్తగనే తలకాయ ఊపిన.