ఎడమ పక్క నుంచి వచ్చిన బిళ్ల

అమ్మా,

మోకాలు నయమైంది, బెంగపడకు. మంచు హాకీ ప్రపంచ పోటీలకు వెళ్లే మన జపాన్ జట్టులోకి నన్ను తీసుకున్నారు.

అది ఎలా జరిగిందో నీకొక్కదానికే చెబుతున్నాను. నిన్న తొమకోమాయిలో ఎంపిక ఆట మధ్యలో మంచు మీద నుంచి ఆవిరి లేచి ఆడే మైదానమంతా కమ్మేసింది. నా ఎడమ పక్కన ఎవరో కర్రతో మంచు మీద టక్ టక్‌మని కొట్టారు. పోయినేడు చనిపోయిన మన మినోరి, నాతో ఆడేటప్పుడు రబ్బరు బిళ్ల అందించే ముందు అలాగే కొట్టేది. ఆలోచించకుండా ముందుకు దూకాను. బిళ్ల నేరుగా నా కర్రకే వచ్చింది. గోల్ కొట్టాను.

"అందించింది ఎవరే? భలే ఉంది!" అని కోచ్ అరిచింది.

"చినామక్కా, అటు పక్క మనవాళ్లెవరూ లేరు కదా!" అంది గోల్ కాసే సుజునే.

ఆవిరి తొలగాక చూస్తే, ఎవరూ ఆడని ఆ వైపు కొత్త స్కేటు గీత ఒకటి గోడ దాకా వెళ్లి ఉంది. తిరిగి వచ్చిన గీత లేదు.

ఉన్ని మేజోళ్లు, ఎండు సాల్మన్ చేప పంపించు. నాన్న దగ్గు తగ్గిందా? తాతయ్యకు నా నమస్కారాలు. మినోరి వాళ్లింటికి వెళ్లి తన ఫోటో ముందు అగరొత్తి వెలిగించిరా. అక్కడ గోడకు వేలాడే తన స్కేట్లు తడిగా ఉన్నాయేమో ముట్టుకుని చూడు. వాళ్లమ్మకు మాత్రం ఏమీ చెప్పకు.

నీ చినామి