నీకు తెలుపంటే ప్రాణమట!

అమ్మా,

రేపటికి నువ్వు పోయి ఏడాది. వంటింట్లో కొత్త టైల్స్ వేయిస్తున్నాం. సందుల్లో ఏ రంగు గ్రౌట్ సిమెంటు నింపాలని మేస్త్రి అడిగితే, నేను నోరు తెరవకముందే నాన్నగారు, "తెలుపేనండి. మా ఆవిడకి తెలుపంటే ప్రాణం" అన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. మన బోరు నీళ్ళకి గారపట్టే ఆ తెల్ల సందుల్ని ప్రతి శుక్రవారం పాత బ్రష్షుతో తోమి తోమి నీ మోకాళ్ళు అరిగిపోయాయి. "ఈ తెలుపు ఎవడు కనిపెట్టాడే!" అని నా దగ్గర ఎన్నిసార్లు తిట్టుకున్నావో! పక్కగదిలో పేపరు చదువుకునే ఆయనకి వినబడింది బ్రష్షు చప్పుడొక్కటే. దాన్ని ఇష్టమనుకున్నారు.

సింకు కింద నీ బ్రష్షు ఇంకా ఉంది. తెచ్చి ఆయన చేతిలో పెట్టి, దొడ్డి గుమ్మం దగ్గర ఇంకా పీకని పాత టైల్స్ చూపించాను. "అమ్మకి ప్రాణమైన పని కదండీ, ఓసారి మీరూ చెయ్యండి" అన్నాను.

నాలుగు టైల్స్ తోమి, గోడ పట్టుకుని లేచారు. "బూడిద రంగు వెయ్యండి మేస్త్రిగారూ" అన్నారు.

నాలుగు టైల్స్‌తోనే తెలిసిపోయిందమ్మా ఆయనకి. ముప్పై ఏళ్ళలో ఆ నాలుగూ తోమడానికి ఒక్క శుక్రవారం దొరకలేదా?