పక్క సీటుకు వెచ్చగాలి

నాన్నా,

కారును రోడ్డు మీద నడపనిచ్చే తనిఖీకి తీసుకెళ్ళేముందు బానెట్ ఎత్తి, హీటర్‌లోకి వెళ్ళే వేడినీటి గొట్టం దగ్గర తడి ఉందేమో చూడు. నిన్న బడి నుంచి వచ్చాక నేనే బిగించాను. స్కిప్టన్ దారిలో వాన పడితే పైకప్పు వెయ్యి, మొండికెయ్యకు.

పోయినసారి అద్దమంతా ఆవిరి పట్టి నువ్వు తుడుస్తుంటే, తనిఖీ చేసే థ్వెయిట్ గారు "చేతిరుమాలు కారులో భాగం కాదండీ" అన్నారు. నువ్వేమో "స్పోర్ట్స్ కారుకి హీటరేంటయ్యా, కోటేసుకుంటే పోలా!" అన్నావు. నువ్వు గరాజులో కట్టింది పాత స్పోర్ట్స్ కారుకి నకలే అయినా, చలికి మాత్రం అసలుదానిలాగే వణికించాలని నీ పట్టుదల. ఈసారి కూడా తనిఖీలో తప్పితే కారు అమ్మకానికి పెడతానని అమ్మకు మాటిచ్చావు. కాబట్టి ఇవాళ ఆయనతో వాదించకు.

ముందు అద్దం మీదికి వెచ్చగాలి తెచ్చే గొట్టాలు రెండూ నీ వైపే పెట్టుకున్నావు. ఒకటి పక్క సీటు వైపు తిప్పాను. ఆ సీటులో కూడా మనుషులు కూర్చుంటారు. కారు పైకప్పు వేసి, లోపల కూర్చుని తలుపులు మూసుకుని, నా ఊపిరికి అద్దం మసకబారేదాకా చరిత్ర పాఠం పైకి చదివాను. హీటర్ వేస్తే రెండువైపులా తేటపడింది.

బస్సు వచ్చేసింది. నువ్వు తినడానికి మాంసం కూరిన పోర్క్ పై ఫ్రిజ్‌లో పెట్టి ఉంది.

రోవెనా

పాసైతే సాయంత్రం నన్ను తీసుకెళ్ళడానికి రా. బడి గేటు దగ్గర వద్దు, అందరూ చూస్తారు. చర్చి దాటాక మలుపులో ఆగు. హీటర్ ఫ్యాన్ చప్పుడు చాలా ఎక్కువ. ఇంట్లో నిశ్శబ్దంలో చెప్పలేనివి ఆ చప్పుడులోనైతే నీతో మాట్లాడగలననుకుంటున్నాను.