రెండు టీ గ్లాసుల రక్తం

బెంగళూరు

చిరంజీవి తమ్ముడు రంగప్పకు అన్న తిమ్మప్ప దీవెనలు.

నిజం చెబుతున్నాను, ఈ ఉత్తరం రాయకుండానే ఉండిపోదామనుకున్నాను. ఫోనులో చెబితే నువ్వు "ఊ, ఊ" అంటూనే పక్కన ఎద్దును అదిలిస్తావు. కాగితమైతే ఎద్దు అడ్డు రాదు కదా అని రాస్తున్నాను. మీరంతా కుశలమని తలుస్తాను. మరదలి మోకాళ్ళు ఎట్లున్నాయి? కోసిగి వైపు వాన పడిందా? ఇక్కడ రోజూ పడుతుంది, ఎవరికీ అక్కరలేని చోట.

నా పని మామూలే. కడుతున్న మేడ ముందు కుర్చీ వేసుకుని, తడిసిన ఇసుకకు కాపలా. అన్నం తెల్లగా ఉంటుంది, రుచి ఉండదు. అంగడి పొట్లాల కాగితాలు చదివి అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి నేను. ఇక్కడ పొట్లాలు కూడా ప్లాస్టిక్కే, నా చదువు అక్కడితో ఆగింది.

ఇక బిడ్డ సంగతి. నా మనవడు, మన నరసప్ప కొడుకు, నీలంగా పుట్టాడని, గుండెలో నాళాలు తారుమారయ్యాయని, తొందరగా ఆపరేషన్ చేయాలని నీకు అప్పుడే చెప్పాను. ఇద్దరు మనుషులు వచ్చి రక్తం ఇస్తే, దానికి బదులు బిడ్డకు సరిపోయే రక్తం ఇస్తామన్నారు ఆస్పత్రివాళ్ళు. నరసప్ప ఇచ్చాడు. నాది ముసలి ఒళ్ళని వద్దన్నారు. నీకు ఫోను చేస్తే ఏమన్నావు?

"పురుడు కదన్నా. శ్రావణమాసం, ఒక్కపొద్దులుండా. ఈ ఏడు పల్లకి మోసే వంతు నాది. ఆడికొచ్చి బిడ్డను చూస్తే మైల అంటుకుంటాది."

పురుడు వంశానికంతా ఒకటే కదరా. ఊళ్ళో ఉన్నా అంటేదే, ఇక్కడికొచ్చినా అంటేదే. నువ్వు బస్సెక్కకపోతే మైల ఆదోనిలో దిగిపోతుందా? మోశావులే. ఫోటో చూశాను. భుజానికి చిన్న గీత కూడా పడలేదు.

నీ బదులు మస్తాన్ ఇచ్చాడు, మా మేడ కట్టే మేస్త్రీ. చేతికి దూది పెట్టుకుని, ఇంకో చేత్తో బన్ను తింటూ, "ఏం తిమ్మప్పా, మీ తమ్ముడు దేవున్ని మోస్తాండాడంట గదా. బిడ్డను మనం మోద్దాంలే" అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

ఆపరేషన్‌కు ముందు ఒక డాక్టరమ్మ వచ్చి కూర్చుంది. కడప అమ్మాయి. మన యాస వినగానే నరసప్పకు ఏడుపొచ్చింది. ఆమె చెప్పింది ఇదీ: అంత బిడ్డ ఒంట్లో ఉండేది రెండు మూడు టీ గ్లాసుల రక్తం. గుండె ఆపి మిషను మీద పెడితే, ఆ గొట్టాల్లో తిరిగిన రక్తం సరిగా గడ్డ కట్టదు, కారిపోతుంది. కట్టిన గడ్డను కరగనివ్వని మందు ఒకటి ఉంది.

"పెద్దోళ్ళల్లో దీని సంగతి బాగా తెలుసు తాతా. ఇంత చిన్న బిడ్డల్లో ఇంకా శానా తెల్దు. రక్తం పోయేది తగ్గుతాది. ఒక్కోసారి కట్టకూడని చోట గడ్డ కట్టొచ్చు, ఫిట్సు రావచ్చు."

"గండి పూడ్చబోయి కాలవనే పూడ్చినట్లా?" అన్నాను.

"అట్లా అయినా అయితాది. కాకనూ పోవచ్చు."

"నీ బిడ్డయితే ఆ మందు ఏపిస్తావా అక్కా?" అని నరసప్ప అడిగాడు.

"ఏపిస్తా. బయపడతానే ఏపిస్తా" అంది.

నరసప్ప సంతకం పెట్టాడు. తెలియదనే మాటను అంత మర్యాదగా చెప్పినవాళ్ళను నేను చూడలేదు. మన ఊళ్ళో అందరికీ అన్నీ తెలుసు, మైల ఎక్కడ అంటుతుందో కూడా.

రక్తం కారడం తగ్గింది. గుండె బాగానే కొట్టుకుంటోంది. అయితే తర్వాత ఎడమ పాదం చల్లబడి నల్లగా మారింది. కాలి నాళంలో గడ్డ. మందు వల్లనా అని డాక్టరమ్మను అడిగితే, కావచ్చు అంది. తొడలో పెట్టిన గొట్టం వల్లనూ కావచ్చు, చెప్పలేను తాతా అంది. ఇప్పుడు గడ్డ పెరగకుండా రక్తం పలచబరిచే మందు ఎక్కిస్తున్నారు. నిన్న కరగొద్దని మందు, ఇవాళ కట్టొద్దని మందు. పాదం నిలుస్తుందో లేదో ఇంకా చెప్పలేమన్నారు. కోడలు లచ్చిమి అన్నం ముట్టడం లేదు. మీరు దిగులు పడొద్దు. మేము బాగానే ఉన్నాము. నిజంగా బాగానే ఉన్నాము.

నువ్వు పంపిన విభూతి పొట్లం లోపలికి రానివ్వలేదు. మస్తాన్ చొక్కా జేబులో ఉంది.

ఎవరైనా ఇటు వస్తుంటే రెండు శేర్ల జొన్నపిండి, కాస్త శనక్కాయల పొడి పంపు. రక్తం మళ్ళీ అడగనులే. జొన్నపిండికి మైల ఉండదు. ఇంట్లో మన ముసలి పెద్దమ్మ పాదాలకు మా అందరి దండాలు చెప్పి, బిడ్డ పాదం తలుచుకుని ఒక్క దీవెన ఇవ్వమను. ఆమె ఇచ్చిన దీవెన ఎప్పుడూ వెనక్కి తీసుకోలేదు.

ఇట్లు,
కోపంగానే ఉన్న నీ అన్న
తిమ్మప్ప

తా.క. కవరు అంటిస్తుంటే నర్సమ్మ పిలిచింది. రక్తం పారుతోందో లేదో చూడడానికి బిడ్డ ఎడమ కాలి బొటనవేలు నొక్కి వదిలింది. తెల్లబడింది. చాలాసేపటికి కొంచెం ఎర్రబడింది. మళ్ళీ ఒకసారి నొక్కి చూసి, మేజోడు తొడిగి వెళ్ళిపోయింది.